కొల్లేటి దారిలో ఒక అపరాహ్ణము

పక్షులను జూడగోరువాడు అడవులకు బోనక్కరలేదు. మార్గశిరమాసమున ఒకనాడు భోజనానంతరము ఏలూరు విడిచి, కైకలూరి త్రోవను మోటారుబండిని మెల్లగా నడిపించుకొని పోయిన జాలును. కాలినడకను వచ్చు మనుష్యుని జూచి దూరముననే లేచిపోవు పక్షి, బండిలో గదలక కూర్చున్నవానిని అంతగా లక్ష్యపెట్టదు. బండి దిగరాదు, బూర మ్రోగింపరాదు. ఇంతియే నియమము.

మొన్న మేమట్లే పోతిమి. తీగలపై పాలపిట్టలు, పసులపోలిగాండ్రు, కాలువగట్టున లకుముకిపిట్ట, బోదెలలో తెల్లకొంగలు, తుంగలో నీలపు బొల్లికోళ్ళు. ఆటపాక చేరునప్పటికి ప్రొద్దు వాలెను. గూడకొంగలు గుంపులుగా దిగుచుండెను. రైతు గూడవేసి నీరు తోడినట్లు, అవి ముక్కుక్రింది సంచితో నీటిని జేపలతోగూడ తోడుకొనును. గూళ్ళకు చెట్లు చాలక, అటవీశాఖవారు పాతించిన యినుపమంచెలపై కాపురముండుచున్నవి.

ఆ ‘చాలక’ యను మాటయే మమ్ము బాధించినది. దారి కిరుప్రక్కల మేము చూచినది సరస్సు కంటె చేపలచెరువుల గట్లే హెచ్చు. 1999లో 308 చదరపు కిలోమీటర్ల కొల్లేరు అభయారణ్యముగా ప్రకటింపబడెను. 2002లో రామ్‌సార్ ఒడంబడిక పట్టికలో జేరెను. 2006లో ప్రభుత్వము గట్లను కొట్టించెను. పిమ్మట పలుచోట్ల అవి మరల లేచినవి.

తాతలనాటినుండి వలవేసి బ్రతుకు బేదవాని నాక్షేపించుట మా యుద్దేశము గాదు. అతడు కొల్లేటికి పరాయివాడు గాడు. అతని పేర గట్టువేసి లాభము గొనిపోవు ధనికుని మాట వేరు.

కృష్ణాగోదావరుల నడుమ వరదనీటిని నిలుపుకొను పాత్ర కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు దానిలో గలియును; మిగులునీటిని ఉప్పుటేరు సముద్రమున కందించును. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన సంగతి పాఠకులు మరవలేదు. ఆ యేటినీరు చేరవలసినది కొల్లేటికే. పాత్రను గట్లతో నింపినచో నీరు నిలుచుచోటు మన చేలు, మన యిండ్లు.

పరప్రభుత్వము తొలగి డెబ్బదియైదేండ్లు దాటినవి. నేడు నెపము మోపుటకు పరులు లేరు. గట్టు వేసినవాడు మనవాడే. చూచి యూరకున్నవాడును మనవాడే. భూస్వాములు, పురవాసులు ఒక్క అపరాహ్ణము తమ పిల్లలతో ఈ దారిని బోయి చూతురుగాక. గూడకొంగ దిగుటకు చోటు లేనినాడు వరద దిగుటకును చోటుండదు.