కనురెప్పలకు శస్త్రచికిత్స: ముందుగా తెలియవలసినవి

కంటికి రెప్ప కాపు అని లోకోక్తి. ఆ రెప్పకే కత్తి తగిలింపదలచువారు, అది కంటికి చేయుచున్న సేవ యెట్టిదో ముందుగా తెలిసికొనుట యుక్తము. నిమిషమునకు సుమారు 15 సార్లు వాలి లేచుచు అది కంటినీటిని నల్లగ్రుడ్డుపై పలుచగా పరచును, దుమ్మును తుడిచివేయును, నిద్రలో కంటిని మూసి యుంచును. శరీరమంతటిలో మిక్కిలి పలుచని చర్మము దానిదే.

వయసు మీరినకొలది ఆ చర్మము సడలి మీదిరెప్పపై మడతగా వ్రేలాడును. క్రిందిరెప్పలో క్రొవ్వు ముందునకు వచ్చి సంచివలె కనబడును. మిగులు చర్మమును, కొంత క్రొవ్వును తొలగించి కుట్టుటయే నేడు అందము కొరకు చేయు రెప్పల శస్త్రచికిత్స. ఈ విద్య మనకు క్రొత్త కాదు. లోనికి తిరిగిన రెప్పవెండ్రుకలు కంటిని గీరునపుడు, మీదిరెప్ప చర్మమును యవగింజ ఆకారమున కోసి కుట్టు పద్ధతిని సుశ్రుతసంహిత ఉత్తరతంత్రము వివరించినది. అది అందము కొరకు గాక చూపు కొరకు చేసినది. నేటివారికిని మొదటి ప్రశ్న యిదియే: మనము కోరునది అందమా, చూపా?

వాలిన రెప్పలన్నియు ఒక్క కారణమున వాలవు. కొందరికి వ్రేలాడునది చర్మము; కొందరికి రెప్పను ఎత్తు కండరమే బలహీనము; మరికొందరికి జారినది కనుబొమ్మ. కండరము చెడినచోట చర్మము కోసిన ఫలితము లేదు. ఉదయము బాగుగనుండి సాయంకాలమునకు రెప్ప వాలుచు, ఒకటి రెండుగా కనబడుచున్నచో అది నరములకు, కండరములకు సంబంధించిన వ్యాధి కావచ్చును. తీవ్రమైన తలనొప్పితో ఒక రెప్ప హఠాత్తుగా వాలినచో ఒక్క గడియయైనను జాగు చేయరాదు. పుట్టుకతోనే శిశువు రెప్ప వాలి కంటిపాపను కప్పుచున్నచో, పెండ్లియీడు వచ్చినపుడు చూతమని ఊరకుండరాదు. ఆ కన్ను చూచుట నేర్వక మందగించును.

బూర్గంపాడు మొదలు భద్రాచలము అడవుల అంచువరకు నేలపై పరుండువారికి ఇంకొక మాట. కట్లపాము కాటు నొప్పి, వాపు లేకయే జరుగవచ్చును. తెల్లవారుసరికి రెండు రెప్పలును బరువెక్కి వాలి, మ్రింగుటయు మాటాడుటయు కష్టమైనచో అది విషలక్షణము. మంత్రమనియు పసరనియు కాలము గడపక, విషమునకు విరుగుడు సూదిమందు గల ఆసుపత్రికి వెంటనే చేర్చవలెను.

ఇవేవియు కావని తేలి, శస్త్రచికిత్సయే కోరినవారు వైద్యునికి దాపరికము లేక చెప్పవలసినవి కలవు: మధుమేహము, రక్తపుపోటు, థైరాయిడ్ వ్యాధి, కన్ను పొడిబారుట, వాడుచున్న మందులు. ఆస్పిరిన్ వంటి రక్తమును పలుచబరచు మందులను గుండెవైద్యుని అడుగక స్వయముగా మానుట ప్రమాదకరము. కంటి వైద్యులలో రెప్పల శస్త్రచికిత్సయందు ప్రత్యేక శిక్షణ పొందినవారు వేరుగా నున్నారు. హైదరాబాదులో 1987లో వెలసిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఇట్టి విభాగము కలదు. అలంకార కేంద్రములను ఆశ్రయించుట తగదు. అందము కొరకైన చికిత్సకు సాధారణముగా ఆరోగ్య బీమా వర్తింపదు. చూపునకు అడ్డము వచ్చుచున్నదని పరీక్షలో తేలినచో విషయము వేరు.

వైద్యుని తప్పక అడుగవలసిన ప్రశ్న, ఎంత చర్మము తీయుదురని. తక్కువ తీసినచో మరల తీయవచ్చును. ఎక్కువ తీసినచో కన్ను పూర్తిగా మూతపడక, నల్లగ్రుడ్డు ఎండి పుండ్లుపడును. పోయిన చర్మమును తిరిగి తెచ్చుట సులభము కాదు.

సాధారణముగా ఆ చోటు మాత్రమే మొద్దుబారునట్లు మందిచ్చి చికిత్స చేయుదురు. కుట్లు విప్పువలసినవైనచో వారము లోపల విప్పుదురు. కమిలిన మచ్చలు, వాపు ఒకటి రెండు వారములు నిలుచును. అందువలన మిరపకోతల రోజులలో దీనిని పెట్టుకొనరాదు. కారపుచేయి, కళ్లపు దుమ్ము పచ్చిగాయమునకు శత్రువులు.

అరుదుగా కంటి వెనుక రక్తము చేరి చూపే పోవు ప్రమాదము కలదు. నొప్పి హెచ్చి, కన్ను ఉబ్బి, చూపు మసకబారినచో గంటలు కూడ విలువైనవి. హైదరాబాదు బూర్గంపాడునకు సుమారు 300 కిలోమీటర్లు. కావున ఆనాడే బస్సెక్కక, మొదటి రాత్రియైనను ఆసుపత్రి గల ఊరిలోనే, తోడుగా ఒకరితో ఉండవలెనని మా సూచన.

ముఖమునకు వన్నె కోరుట దోషము కాదు. రెప్ప చక్కగా మూతపడి, కన్ను చల్లగానున్నపుడే ఆ వన్నెకు అర్థము.