యాప్ శుక్రవారం ఆగింది.. కారణం బుధవారం చూద్దామంటే లాగ్స్ మాయం! క్లౌడ్ డేటాబేస్‌లో ఏం జరుగుతుందంటే?

శుక్రవారం రాత్రి 9 గంటలు. ఫుడ్ యాప్‌లో బిర్యానీ ఆర్డర్ పెట్టారు. అకౌంట్‌లో డబ్బులు కట్ అయ్యాయి. స్క్రీన్ మీద మాత్రం చక్రం తిరుగుతూనే ఉంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే 'సర్వర్ ఇష్యూ' అంటారు. అసలు ఏమైందని బుధవారం టెక్నికల్ టీమ్ తీరిగ్గా వెతికితే ఆ రాత్రి రికార్డులే ఉండవు. ఎవరో హ్యాక్ చేసి చెరిపేశారా? అక్కర్లేదు. డీఫాల్ట్ సెట్టింగ్ మార్చకపోతే అవి వాటంతట అవే డిలీట్ అయిపోతాయి.

'మేనేజ్డ్' అంటే అన్నీ వాళ్లే చూస్తారా?

ఆర్డర్లు, పేమెంట్లు, కస్టమర్ల వివరాలు ఉండే చోటే డేటాబేస్. సొంత సర్వర్ పెట్టుకోలేని కంపెనీలు దీన్ని క్లౌడ్‌లో అద్దెకు తీసుకుంటాయి. అమెజాన్ ఆర్‌డీఎస్, గూగుల్ క్లౌడ్ ఎస్‌క్యూఎల్, మైక్రోసాఫ్ట్ అజూర్ ఎస్‌క్యూఎల్ ఇలాంటివే. అమెజాన్ 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లోనూ క్లౌడ్ రీజియన్ ప్రారంభించింది.

మెషీన్, సాఫ్ట్‌వేర్ ప్యాచ్‌లు, ఆటోమేటిక్ బ్యాకప్ క్లౌడ్ కంపెనీ చూసుకుంటుంది. కానీ మీ యాప్ ఎలాంటి క్వెరీలు పంపుతోంది, డిస్క్ ఎప్పుడు నిండుతుంది, లోపలికి ఎవరెవరు వస్తున్నారు.. ఇవన్నీ వాడుకునే కంపెనీయే కనిపెట్టుకోవాలి. అద్దె ఇంటికి ఓనర్ గోడలు బాగు చేయిస్తాడు కానీ, రాత్రి గ్యాస్ కట్టేశామా లేదా అన్నది చూసుకోవాల్సింది మనమే కదా!

ముందు చూడాల్సిన 4 మీటర్లు

ఆర్‌డీఎస్ తన లెక్కలను 'క్లౌడ్‌వాచ్' అనే సర్వీస్‌కు నిమిషానికోసారి పంపుతుంది. ఇంకా దగ్గరగా చూడాలంటే 'ఎన్‌హాన్స్‌డ్ మానిటరింగ్' ఆన్ చేసుకోవచ్చు. అది సెకనుకోసారి కూడా చూపిస్తుంది.

1. సీపీయూ: కాసేపు పెరిగితే పర్లేదు. గంటల తరబడి 90 శాతం దాటే ఉంటే ఏదో క్వెరీ పీడిస్తున్నట్టే.

2. ఖాళీ స్టోరేజ్: ఇది చాలా ముఖ్యం. డిస్క్ పూర్తిగా నిండితే డేటాబేస్ 'స్టోరేజ్ ఫుల్' స్థితికి వెళ్లిపోతుంది. కొత్త ఆర్డర్ రాసుకోదు.

3. కనెక్షన్లు: ఒకేసారి ఎంతమంది లోపలికి రావచ్చన్న దానికి లిమిట్ ఉంటుంది. అది దాటితే కొత్తవాళ్లకు ఎర్రరే.

4. ఖాళీ మెమరీ: ఇది తగ్గేకొద్దీ డిస్క్ మీద భారం పెరిగి అంతా నెమ్మదిస్తుంది.

వీటికి అలారం పెట్టుకుంటే లిమిట్ దాటగానే మెయిల్ వస్తుంది. అలారం లేకపోతే గ్రాఫ్ ఎంత అందంగా ఉన్నా, అర్ధరాత్రి దాన్ని చూసేవాళ్లు ఎవరు?

మీటర్ వేరు, లాగ్ వేరు

జ్వరం 103 ఉందని థర్మామీటర్ చెబుతుంది. మలేరియానా, టైఫాయిడా అన్నది రక్త పరీక్షలోనే తేలుతుంది. ఇక్కడా అంతే. సీపీయూ పెరిగిందని మీటర్ చెబుతుంది. ఏ క్వెరీ వల్ల, ఏ ఎర్రర్‌తో అన్నది లాగ్‌లో ఉంటుంది.

మెలిక ఇక్కడే ఉంది. ఆర్‌డీఎస్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ లాగ్స్ డీఫాల్ట్‌గా 3 రోజులే ఉంటాయి. సెట్టింగ్ మార్చినా గరిష్ఠంగా 7 రోజులే. పైగా ఈ లాగ్స్ డేటాబేస్ వాడే స్టోరేజ్‌లోనే ఉంటాయి. డిస్క్ నిండే పరిస్థితి వస్తే పాత లాగ్స్‌ను సిస్టమ్ ఇంకా ముందే తీసేసే ఛాన్స్ ఉంది. అంటే ఆధారం ఎప్పుడు కావాలో సరిగ్గా అప్పుడే పోతుందన్నమాట!

మరి పరిష్కారం?

లాగ్స్‌ను బయటకు ఎక్స్‌పోర్ట్ చేయడమే. డేటాబేస్ సెట్టింగ్స్‌లో 'లాగ్ ఎక్స్‌పోర్ట్స్' దగ్గర టిక్ పెడితే అవి క్లౌడ్‌వాచ్ లాగ్స్‌లోకి వెళ్తుంటాయి. డేటాబేస్‌కు ఏమైనా రికార్డు మాత్రం భద్రం.

టిక్ పెట్టగానే పని అయిపోయిందనుకుంటే పొరపాటే. నెమ్మదిగా నడిచే క్వెరీల రికార్డింగ్ పోస్ట్‌గ్రెస్‌లో డీఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. పారామీటర్ గ్రూప్‌లో 'ఇన్ని సెకన్లు దాటితే రాయి' అని చెప్పాలి. మైఎస్‌క్యూఎల్‌లో అయితే లాగ్ అవుట్‌పుట్‌ను 'ఫైల్'గా పెట్టాలి. 'టేబుల్'గా ఉంటే స్లో క్వెరీ లాగ్ ఎక్స్‌పోర్ట్ కాదు.

ఇంకో మూడు జాగ్రత్తలు. ఒకటి, క్లౌడ్‌వాచ్‌లో గడువు పెట్టకపోతే లాగ్స్ ఎప్పటికీ అలాగే ఉంటాయి, బిల్లు పెరుగుతూ పోతుంది. రెండు, క్వెరీ లాగ్స్‌లో కస్టమర్ల ఫోన్ నంబర్లు, అడ్రస్‌లు కూడా పడొచ్చు. కాబట్టి అందరికీ యాక్సెస్ ఇవ్వకూడదు. మూడు, పోస్ట్‌గ్రెస్ లాగ్‌లో టైమ్ యూటీసీలో ఉంటుంది. మన రాత్రి 9 అంటే అక్కడ మధ్యాహ్నం 3.30. ఇది మరిచిపోతే తప్పు టైమ్‌లో వెతుకుతూ కూర్చోవాల్సిందే.

రూల్ కూడా ఉంది

ఇది కంపెనీ ఇష్టానికి వదిలేసిన విషయం కాదు. సైబర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం.. సంస్థలు తమ సిస్టమ్స్ లాగ్స్‌ను 180 రోజుల పాటు భద్రపరచాలి. సైబర్ దాడి లాంటి ఘటనలు తెలిసిన 6 గంటల్లోగా రిపోర్ట్ చేయాలి. 3 రోజుల లాగ్‌తో 180 రోజుల లెక్క ఎలా చెబుతారు?

సామాన్యుడికి ఏంటి సంబంధం?

డబ్బు కట్ అయి ఆర్డర్ రాలేదని మీరు కంప్లయింట్ చేసినప్పుడు, అటువైపు ఏం జరిగిందో చెప్పే సాక్షి ఈ లాగే. అందుకే పేమెంట్ ఫెయిలైన వెంటనే స్క్రీన్‌షాట్ తీసుకోండి. టైమ్, ట్రాన్సాక్షన్ ఐడీతో అదే రోజు కంప్లయింట్ ఇవ్వండి. వారం తర్వాత చూద్దాంలే అనుకుంటే, అప్పటికి అటువైపు సాక్షి ఉంటుందో లేదో!