ముఖం చూచి చెప్పిన తీర్పు



వీడియో గేము అనగానే మన ఇళ్లలో రెండు మాటలే వినిపిస్తాయి. పెద్దలు "పాడు ఆటలు" అంటారు. పిల్లలు "ఇంకొక్క అయిదు నిమిషాలు" అంటారు. ఈ రెండు మాటల మధ్య ఒక పెద్ద లోకమే ఉంది. అక్కడ కూడా తరాలు మారుతాయి, పాతవారు కొత్తదాన్ని చూచి కోపగిస్తారు, కొన్నేళ్లకు ఆ కొత్తదే పాతదై మెప్పు పొందుతుంది. ఆ లోకంలో జరిగిన ఒక సంగతిని ఈ నెల మీ ముందు ఉంచుతున్నాము. ఇది జపాన్‌లో పుట్టిన ఆట కథ. మన పల్లెల్లో సెల్‌ఫోను ఆటలు తెలిసినంతగా ఇది తెలియదు. అయినా ఇందులోని పాఠం మన గడపకు దూరమైనది కాదు.

గుహ చూచిన బాలుడు

జపాన్‌లోని క్యోటో నగరం దగ్గర సొనోబే అనే చిన్న ఊరుంది. 1952లో పుట్టిన షిగెరు మియామోతో అక్కడే పెరిగాడు. కొండలు, చెరువులు, పొలాల వెంట తిరగడం ఆయనకు అలవాటు. ఒకసారి ఒక గుహ కనిపించింది. లాంతరు పట్టుకొని అందులోకి వెళ్లి చూచాడు. పెద్దవాడై నింటెండో అనే కంపెనీలో చేరాడు. ఆ కంపెనీ 1889లో పేకముక్కలు తయారుచేస్తూ మొదలైనది. చిన్ననాటి ఆ తిరుగుళ్లలోని ఆశ్చర్యాన్ని పిల్లలకు ఇవ్వాలని ఆయన, తోటివారు కలిసి 1986 ఫిబ్రవరిలో "ది లెజెండ్ ఆఫ్ జెల్డా" అనే ఆటను తెచ్చారు. ఆకుపచ్చ బట్టలు తొడుక్కున్న లింక్ అనే బాలుడు కొండలూ గుహలూ వెదకుతూ రాజ్యాన్ని కాపాడడమే అందులోని కథ.

సీరియల్ నవలలా ఆ ఆటకు కొత్త భాగాలు వస్తూ వచ్చాయి. 1998లో వచ్చిన "ఒకరినా ఆఫ్ టైమ్" అనే భాగంలో బొమ్మలకు లోతు వచ్చింది. ఆడేవాడు నిజంగా ఆ పొలంలో నిలబడినట్లు ఉండేది. ఇంతకంటే గొప్ప ఆట లేదని చాలామంది అన్నారు.

2001లో లేచిన గొడవ

2000 ఆగస్టులో కంపెనీ తన ప్రదర్శనలో ఒక చిన్న చిత్రం చూపించింది. లింక్ కత్తి దూసి శత్రువుతో పోరాడుతున్నాడు. బొమ్మలు మునుపటికంటే నిజమైన మనుషుల్లా ఉన్నాయి. రాబోయే ఆట ఇదేనని అభిమానులు సంబరపడ్డారు. సరిగ్గా ఏడాదికి, 2001 ఆగస్టులో అసలు ఆటను చూపించారు. అందులో లింక్ పెద్ద తల, గుండ్రటి కళ్లు, పొట్టి కాళ్లు గల చిన్నపిల్లవాడు. చందమామ పుస్తకంలో బొమ్మకు వేసినట్లు రెండు మూడు చదును రంగులు, అంతే. సెల్ షేడింగ్ అని ఆ పద్ధతికి పేరు.

అభిమానులు మండిపడ్డారు. ఆటను ఒక్క నిమిషమైనా ఆడకముందే "ఇది జెల్డా కాదు, సెల్డా" అని ఎగతాళి పేరు పెట్టారు. చిన్నపిల్లల కార్టూను అన్నారు, మమ్మల్ని మోసగించారు అన్నారు.

ఎందుకింత కోపం? 1986లో పదేళ్లున్న పిల్లవాడికి 2001లో పాతికేళ్లు. తనతోపాటు తన ఆట కూడా పెద్దది కావాలని అతని కోరిక. పైగా ఆ 2001లోనే పోటీ కంపెనీల యంత్రాలపై పెద్దవారి కోసమని చెప్పుకునే తుపాకుల ఆటలు అమ్ముడవుతున్నాయి. నింటెండో వారి గేమ్‌క్యూబ్ యంత్రాన్ని చిన్నపిల్లల బొమ్మ అని తోటివారు వెక్కిరించేవారు. ఆ వెక్కిరింపు తమ మీదికి వస్తుందని యౌవనస్థుల భయం. కోపంగా కనిపించినదాని వెనుక ఉన్నది సిగ్గే.

ఆటలో ఏముంది?

"ది విండ్ వేకర్" అనే పేరుతో ఆ ఆట 2002 డిసెంబరులో జపాన్‌లోను, 2003లో అమెరికా, ఐరోపాలలోను విడుదలైంది. లింక్ ఒక దీవిలో నాయనమ్మతోను, చెల్లెలు ఆరిల్‌తోను ఉంటాడు. అతని పుట్టినరోజున ఒక రాకాసి పక్షి చెల్లెలిని ఎత్తుకుపోతుంది. చెల్లెలి కోసం అతడు పడవెక్కి సముద్రం మీదికి వెళ్తాడు. ఇంటి దగ్గర నాయనమ్మ బెంగతో మంచం పడుతుంది. అతడు తిరిగివచ్చి ఆమెను కోలుకొనేలా చేస్తే, ఆమె వేడివేడి సూపు కాచి సీసాలో పోసి ఇస్తుంది. చిన్నపిల్లల బొమ్మలని నవ్విన ఆటలో ఇంత కుటుంబ ప్రేమ ఉంది. ఆ పెద్ద కళ్లకు కూడా ఒక పని ఉంది. ముఖ్యమైన వస్తువు దగ్గరుంటే లింక్ చూపు అటు తిరుగుతుంది. ఆడేవారికి అది సూచన.

ఆ సముద్రం కింద పాత రాజ్యం మునిగి ఉంటుంది. చివరికి ఆ రాజ్యపు ముసలి రాజు దానిని తిరిగి లేపమని కోరడు. అది కొట్టుకుపోనిమ్మని కోరి, పిల్లలను తమ సొంత నేల వెదకుకొమ్మని పంపివేస్తాడు. పాతదాన్నే పట్టుకొని వేలాడవద్దని చెప్పిన ఆటనే, పాతదిలా లేదని జనం తిట్టారు!

ఎగతాళి వేరు, ఫిర్యాదు వేరు

జపాన్‌లోని ఫామిట్సు పత్రిక ఈ ఆటకు 40కి 40 మార్కులు వేసింది. అయితే అమెరికాలో అమ్మకాలు అనుకున్నంత సాగలేదు. తయారీ బృందానికి పెద్దయైన ఐజి ఆవోనుమా ఈ సంగతి తరువాత వివరించారు. 2004 మేలో లాస్ ఏంజిల్స్ ప్రదర్శనలో మళ్లీ నిజమైన మనిషిలాంటి లింక్‌ను చూపించగానే సభ హర్షధ్వానాలతో మారుమోగింది. ఆ ఆట, "ట్వైలైట్ ప్రిన్సెస్," 2006లో వచ్చింది. పాత ఆటను తిట్టినవారే గెలిచినట్లు కనిపించింది.

అయితే కాలం తన పని తాను చేసింది. నిజంలా కనిపించాలని గీసిన బొమ్మను ఏటేటా వచ్చే మెరుగైన యంత్రాలతో పోల్చి చూస్తారు, అది త్వరగా పాతబడుతుంది. చిత్రంలా గీసినదానికి ఆ పోటీ లేదు. మరొకటి కూడా జరిగింది. 2003లో ఎనిమిదేళ్లున్న పిల్లలకు ఇదే మొదటి జెల్డా. వారికి ఇందులో సిగ్గుపడవలసినదేమీ కనబడలేదు. పదేళ్ల తరువాత వారు పెద్దవారై మాట్లాడసాగారు. తిట్టినవారిలో కొందరు మనసు మార్చుకున్నారు, కొందరు ఆడడమే మానుకున్నారు. సమూహం అభిప్రాయం మారడానికి సమూహంలోని మనుషులే మారడం సగం కారణం.

2013లో నింటెండో ఇదే ఆటను మెరుగుపరచి మళ్లీ విడుదల చేసింది. ఇక్కడ ఒక సంగతి గమనించండి. బొమ్మల ముఖం మార్చలేదు. మార్చినవి వేరే ఉన్నాయి. మొదటి ఆటలో సముద్ర ప్రయాణం మరీ సాగదీతగా ఉందని ఆడినవారు ఫిర్యాదు చేశారు. వేగంగా పోయే తెరచాపను ఇప్పుడు చేర్చారు. చివరి భాగంలో ఎనిమిది ముక్కలు వెదకడానికి ఎనిమిది పటాలు కావాలి. ఒక్కొక్క పటం చదివించుకోవడానికి 398 రూపీలు కట్టాలి (ఆ ఆటలో సొమ్ము పేరు కూడా రూపీయే). అది విసుగని ఆడినవారు చెప్పారు. అయిదు ముక్కలు పటం లేకుండానే దొరికేలా దిద్దారు.

చూడకుండా చేసిన ఎగతాళి కరిగిపోయింది. ఆడి చూచి చెప్పిన ఫిర్యాదు నిలిచింది, ఆటను బాగుచేసింది. 2017లో ఎంతో పేరు పొందిన "బ్రెత్ ఆఫ్ ది వైల్డ్" కూడా చిత్రంలా గీసిన బొమ్మలతోనే వచ్చింది. 2025 జూన్‌లో కంపెనీ కొత్త యంత్రం విడుదలైనప్పుడు, పాత గేమ్‌క్యూబ్ ఆటలలో మొదట అందించిన మూడింటిలో "ది విండ్ వేకర్" ఒకటి. కొత్తదాన్ని తిట్టి, నిన్న తిట్టినదాన్ని నేడు పొగడే ఈ అలవాటుకు ఆటగాళ్లే "జెల్డా చక్రం" అని పేరు పెట్టుకొని నవ్వుకుంటారు.

మన ఇంటి మాట

తల్లిదండ్రులారా, మన బిడ్డ చేతిలోని ఆటను గూర్చి మనం చెప్పేది ఎగతాళియా, ఫిర్యాదా? "ఇదేం పిచ్చి బొమ్మలురా" అన్నది ఎగతాళి. బిడ్డ దానిని విని ముఖం తిప్పుకుంటాడు, ఆ తరువాత మన మంచి మాట కూడా వినడు. రాత్రి నిద్ర చెడుతున్నదా, చదువు సాగుతున్నదా, డబ్బు పందెం ఉన్నదా అన్నవి ఫిర్యాదులు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టమే చేసింది, కాబట్టి ఈ చివరి ప్రశ్న తప్పక అడగవలసినదే. అయితే పది నిమిషాలు పక్కన కూర్చొని చూచి అడిగితేనే ఆ మాటకు బరువు ఉంటుంది.

యౌవనస్థులారా, ఈ లెక్క మీకు కూడా వర్తిస్తుంది. మీ తమ్ముడు ఇష్టపడే ఆటను, మీ తండ్రి పాడుకునే పాత పాటను నవ్వి తోసివేయకముందు కొంచెంసేపు ఆగి చూడండి. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో చెప్పండి. అలా చెప్పిన మాటను ఎదుటివారు దిద్దుకోగలరు.