బాబాయి బుల్లెట్టు

బుల్లెట్టు మోటారుసైకిలు మద్రాసుదని మనలో చాలామంది అనుకుంటారు. పెరిగింది మద్రాసే గాని దాని గోత్రం ఇంగ్లండుది. రెడిచ్ అనే ఊళ్ళో రాయల్ ఎన్‌ఫీల్డు కంపెనీవారు ఈ బండి చేస్తూండేవారు. 1950ల మొదట్లో మన సైన్యం సరిహద్దుల్లో తిరగటానికి గట్టి బండి కావాలని దీన్ని ఎంచుకున్నది. 1955లో మద్రాసు మోటార్సువారితో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. మొదట్లో భాగాలు ఓడలో వస్తే ఇక్కడ బిగించేవారు. ఆ తరవాత క్రమంగా ఇక్కడే తయారుచెయ్యటం మొదలుపెట్టారు. 1970 వచ్చేసరికి అక్కడి కంపెనీ మూతపడింది. ఇక్కడ మాత్రం బుల్లెట్టు ఈనాటికీ తయారవుతూనే వుంది. పుట్టింట్లో దీపం ఆరిపోయినా అత్తవారింట దీపం నిలబెట్టిన ఆడపిల్లలాంటిదన్నమాట.

ఆ తొలినాళ్ళ బండి ఒకటి, 1956 నాటిది, రేపల్లెలో మా బాబాయి ఇంట పశువుల కొట్టంలో వుండేది. బాబాయి బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువుకుని వ్యవసాయశాఖలో చేరాడు. 1966లో ఈ బండిని సెకండుహ్యాండులో కొని, కొత్త వరి వంగడాల సంగతి చెప్పటానికి డెల్టా గట్లన్నీ దానిమీదే తిరిగాడు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టి, రేపల్లె తాలూకా తీరాన్నీ ముంచినప్పుడు మందులూ బియ్యమూ వెనక సీటుకు కట్టుకుని ఉప్పుబురదలో పదిరోజులు తిరిగాడట. 1988లో ఇంజను పట్టేసింది. అప్పటినుంచీ అది కొట్టంలోనే, గోనెపట్టా కప్పుకుని కూచుంది.

ఇప్పుడు బాబాయికి 84. కొడుకులిద్దరూ అమెరికాలో వున్నారు. స్థలం అపార్టుమెంటుకి ఇచ్చేశారు, ఉగాదిలోగా కొట్టం ఖాళీ చెయ్యాలి. తుక్కుసామాను కొనే ఆయన కాటాతో సహా వచ్చి తూకం వేస్తానన్నాడు. బాబాయికి కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమది పోతోంది. "ఒరే అబ్బాయ్, అమ్మితే అమ్ముదువుగాని, ఒక్కసారి దాని చప్పుడు వినిపించరా. ఇంకో ఏడాదైతే నువ్వు వినిపించినా నాకు వినపడదు," అన్నాడు.

నేను హైస్కూల్లో ఫిజిక్సు చెప్పి రిటైరయినవాణ్ణి. బండిని వ్యానులో తెనాలి తెచ్చి మా వరండాలో పెట్టించాను.

పాత ఇంగ్లీషు బండితో మొదటి తగాదా స్పానర్ల దగ్గరే వస్తుంది. మన ఇళ్ళలో వుండేవి మిల్లీమీటరు స్పానర్లు. ఈ బండి నట్లు జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు 1841లో పెట్టిన కొలతల సంప్రదాయానికి చెందినవి. ఆ స్పానరు మీది అంకె నట్టు వెడల్పు కాదు, లోపలి బోల్టు లావు. దగ్గరగా వుందిగదా అని మిల్లీమీటరుది తగిలిస్తే నట్టు మూలలు అరిగిపోయి గుండ్రంగా తయారవుతుంది. ఆ స్పానర్లు ఎక్కడా దొరక్క, చివరికి పాత రైసుమిల్లులో పనిచేసిన ఫిట్టరు ఒకాయన దగ్గర దొరికాయి. వెనకటి మిల్లుల్లో ఇంగ్లీషు ఆయిలింజన్లుండేవి గదా! ఆయన వాటిని గుడ్డలో చుట్టి, సంగీత విద్వాంసుడు వీణ అప్పగించినంత జాగ్రత్తగా నా చేతికిచ్చాడు.

పట్టేసిన సిలిండరులో డీజిలు పోసి తొమ్మిదిరోజులు నానబెట్టాను. పదోరోజున టేకుచెక్క ఆనించి తట్టితే పిస్టను వెంట్రుకవాసి కదిలింది. ఆ పూట మా ఇంట్లో పాయసం.

ఈ ఇంజనుకి ఒకటే సిలిండరు. బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. మొత్తం 346 సి.సి. వెడల్పు తక్కువ, పొడుగెక్కువ. పిస్టను రెండుసార్లు దిగి రెండుసార్లు ఎక్కితేగాని ఒక పేలుడు జరగదు. అంటే ఊరికే నిలబెట్టి నడిపినప్పుడు ఇంజను నిమిషానికి 900 చుట్లు తిరిగితే 450 దెబ్బలు, సెకనుకి ఏడున్నర. పక్కనే బరువైన ఫ్లైవీలు వుంది గనక ఒక దెబ్బకూ ఇంకోదానికీ మధ్య బండి ఆగకుండా నడుస్తుంది. ఆ డుగుడుగులో రహస్యం ఇంతే. బాబాయి అడిగిన చప్పుడు ఇది.

విప్పేకొద్దీ లోపల పరిస్థితి అంత చెడ్డగా కనపడలేదు. సిలిండరుకి గీతలు పడ్డాయి, బోరు చేయించి ఒక సైజు పెద్ద పిస్టను వేస్తే సరిపోతుంది. బిగ్ ఎండ్‌లో రోలర్లు వుండవు. క్రాంకుపిన్నుకీ కనెక్టింగు రాడ్డుకీ మధ్య స్వేచ్ఛగా తిరిగే బుష్ వుంటుంది. అది అరిగింది, మార్చవచ్చు. అసలు గండం క్రాంకుకేసులో బయటపడింది. దాన్ని శుభ్రంగా కడిగి, కిరోసిను రాసి తుడిచి, మా ఆవిడ పౌడరు డబ్బా తెచ్చి పైన చల్లాను. పగులుంటే లోపల దాగిన కిరోసిను పౌడర్లోకి ఊరుతుంది. కాసేపటికి వెనక చెవి దగ్గర తడిగీత ఒకటి, చిటికెనవేలంత పొడుగున, మెల్లిగా తేలింది.

బుల్లెట్టు ఫ్రేముకి ఇంజను కింద గొట్టాలుండవు. ఇంజనే ఫ్రేములో ఒక భాగంగా బరువు మోస్తుంది. అంచేత ఆ చెవి విరిగితే బండి నడుము విరిగినట్టే. కొత్త క్రాంకుకేసు కొనవచ్చునన్నారు మిత్రులు. కాని ఇంజను నంబరు చెక్కివుండేది ఆ కేసుమీదే. అది మారిస్తే కాగితాల్లో వున్న బండి, ఇంట్లో వున్న బండి ఒకటి కావు. వెల్డింగు చేయిస్తే వేడికి బేరింగు గూడు వంకరపోవచ్చు, అప్పుడు రెండిందాలా చెడతాం. నాలుగు రాత్రులు నిద్రపట్టలేదు.

బాపట్లలో అల్యూమినియం వెల్డింగు తెలిసిన మేస్త్రీ వున్నాడంటే కేసుని తువ్వాల్లో చుట్టుకుని రైలెక్కాను. ఆయన చూసి, "మాస్టారూ, దీనికి అరవైయేళ్ళ ఆయిలు ఒంటబట్టింది. అది దిగకుండా టార్చి పెడితే అతుకంతా బొరియలే," అన్నాడు. రెండుమార్లు వేడిచేసి ఆయిలు కక్కించాడు. పగులు ఇంకా సాగకుండా రెండు కొసలా సన్నని రంధ్రాలు వేశాడు. రెండు కేసుల్నీ కలిపి బోల్టులు బిగించి, గూట్లో పాత బేరింగు వుంచి, అప్పుడు కొద్దికొద్దిగా అతికాడు. మధ్యమధ్య ఆపి టీ తాగాడు. నాకు మాత్రం టీ గొంతు దిగలేదు. చల్లారాక కొలిస్తే గూడు వంకరపోలేదు. నంబరు నంబరులాగే వుంది. "చెవి మా మనవడి పెళ్ళిదాకా వుంటుంది," అన్నాడు. మనవడికి అప్పుడు మూడేళ్ళు.

బేరింగు ఎక్కించటానికి మాత్రం మా ఇంటి గుండిగే గతి అయింది. వేడి చేస్తే అల్యూమినియం ఉక్కుకి దాదాపు రెట్టింపు సాగుతుంది. అంచేత కేసుని మరిగే నీళ్ళలో వుంచి, కొత్త బేరింగుని ఐసుగడ్డల పక్కన ఫ్రిజ్జిలో పెట్టాను. "ఏమండీ, రేపు సత్యనారాయణ వ్రతానికి ఆ గుండిగలోనేనా నేను పులిహోర కలిపేది?" అని మా ఆవిడ అడిగింది. కొత్త గుండిగ ఖర్చు కూడా ఇంజను లెక్కలోనే రాశాను. కేసు బయటికి తీసి నీళ్ళు తుడిచి బేరింగు వదిలితే సుత్తి అవసరం లేకుండా టక్కుమని కూచుంది.

ఫ్లైవీళ్ళు నిటారుగా పెట్టటం తెనాలి లేతు షాపులో జరిగింది. రాగిసుత్తితో ఒక దెబ్బ, డయలుమీద ఒక చూపు, మధ్యాహ్నమంతా అదే. పిస్టను రింగుల సందు అంగుళం బోరుకి నాలుగు థౌల చొప్పున లెక్క. మన బోరు రెండుముప్పావు అంగుళాలు గనక 11 థౌలు. టాపెట్లకి ఇంజను చల్లగా వున్నప్పుడు సందే వుండకూడదు, కాని పుష్‌రాడ్డు రెండు వేళ్ళ మధ్య తేలిగ్గా తిరగాలి. ఇది పుస్తకంకన్నా వేళ్ళకే బాగా తెలుస్తుంది.

ఆయిలుకి విడిగా టాంకు లేదు. క్రాంకుకేసు వెనకభాగమే టాంకు. రెండు చిన్న పంపుల్లో ఒకటి ఆయిలు పంపిస్తుంది, రెండోది వెనక్కి లాగుతుంది. ఆయిలు పైదాకా వచ్చిందని కళ్ళతో చూసేదాకా ఇంజను స్టార్టు చెయ్యకూడదు.

ఉగాది ఇంకా ఆరురోజులుందనగా బాబాయిని కారులో తీసుకొచ్చాం. డీకంప్రెసర్ లీవరు నొక్కి కిక్కు నాలుగుసార్లు మెల్లిగా తిప్పాను. ఆ పైన లీవరు వదిలి ఒక్క తన్ను, ఏమీ లేదు. రెండోది, తుమ్మింది. మూడోదానికి అందుకుంది. వీధిలో పిల్లలంతా గేటు దగ్గర చేరారు. బాబాయి ఎడమచెవి ఇంజను వైపు తిప్పి, అరచెయ్యి టాంకుమీద పెట్టి కాసేపు నిలబడ్డాడు. తరవాత, "దీనికి ఇంత తొందర పనికిరాదురా," అని తనే వంగి కార్బురేటరు మరను తిప్పుతూ తిప్పుతూ, దెబ్బలు విడివిడిగా వినిపించేదాకా తగ్గించాడు. అలాగే చాలాసేపు విన్నాడు. అమ్మే మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇక కాగితాల సంగతి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, రూపం పెద్దగా మార్చని బండికి వింటేజి రిజిస్ట్రేషను ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. రోజూ తిరగటానికి వీల్లేదు. ప్రదర్శనలకీ ర్యాలీలకీ పోవచ్చు, పెట్రోలు పోయించుకోవటానికీ మరమ్మతుకీ పోవచ్చు. రేపల్లె 2022 ఏప్రిల్లో బాపట్ల జిల్లాలో కలిసింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే వుంది. అంచేత కొన్నాళ్ళు రెండు జిల్లాల ఆఫీసుల చుట్టూ తిరగాలి కాబోలు. ఇప్పటి పెట్రోల్లో అయిదోవంతు ఇథనాలు కలుస్తోంది, అది పాత రబ్బరుని తినేస్తుంది గనక గొట్టాలూ వాషర్లూ మార్చేశాను.

కాగితాలు వచ్చాక రన్నింగ్-ఇన్. మొదటి 500 మైళ్ళూ 30 మైళ్ళ వేగం దాటకూడదు. రేపల్లెకి రైలుదారి సుమారు 34 కిలోమీటర్లు, రోడ్డూ దాని పక్కపక్కనే పోతుంది. వెనక సీటు స్ప్రింగులు చూడమని బాబాయి కబురుచేశాడు.