కల్పనలోని కవచ లోహం

1895లో రాంట్‌జన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. కంటికి కానరాని ఆ కిరణాలు కండను దాటి ఎముకను చూపుతున్నాయన్న వార్త లోకాన్ని విస్మయపరచింది. 1901లో వెలువడిన హెచ్.జి.వెల్స్ నవల 'ది ఫస్ట్ మెన్ ఇన్ ది మూన్'లో ఆ విస్మయపు ఛాయలు గోచరిస్తాయి.

అందులో కేవర్ అనే శాస్త్రజ్ఞుని సంకల్పం విచిత్రమైనది. ప్రతి పదార్థమూ కొన్ని కిరణాలకు అడ్డుగోడ, మరికొన్నింటికి రాచబాట. గాజు వెలుతురును పోనిస్తుంది, ఇనుము పోనీయదు. అలాకాక సకల వికిరణాలనూ, తుదకు గురుత్వాకర్షణను సైతం అడ్డగించగల పదార్థం ఉండరాదా అని అతని ఆలోచన. కొన్ని లోహాల మిశ్రమానికి హీలియంను జోడించి 'కేవరైట్'ను సాధిస్తాడు. గోళాకారపు నౌకకు దానిని తెరలుగా అమర్చి, ఆ తెరలను మూస్తూ తెరుస్తూ చంద్రుని చేరుకుంటాడు.

హీలియం ఆనాటికి కొత్త వస్తువు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ మన గుంటూరు నుండి పరిశీలించాడు. హీలియం చరిత్రలో అది తొలి ఘట్టం. భూమిపై ఆ వాయువు 1895లో గాని చేజిక్కలేదు. ఏ లోహంతోనూ చెలిమి చేయని జడవాయువును లోహమిశ్రమంలో కలపడం కథకునికే చెల్లింది!

మరి నిజజీవితంలో అటువంటి లోహం ఉన్నదా? ఎక్స్ కిరణాలకు సీసం చక్కని అడ్డు. అందుకే ఆసుపత్రులలో ఎక్స్‌రే గది గోడలకు సీసపు రేకులు పరుస్తారు. కానీ అంతరిక్షంలో ఎదురయ్యే విశ్వకిరణాలు వేరు. అవి మహావేగంతో దూసుకువచ్చే పరమాణు కేంద్రకాలు, వాటిలో అధికభాగం ప్రోటాన్లు. అవి సీసం వంటి బరువైన కేంద్రకాలను ఢీకొన్నప్పుడు న్యూట్రాన్లు మొదలైన కొత్త కణాలు చిమ్ముతాయి. పలుచని సీసపు గోడ వెనుక దాగినవానికి ఒక్కొక్కప్పుడు ముప్పు తగ్గకపోగా పెరుగుతుంది. ఈ కిరణాల విషయంలో హైడ్రోజన్ సమృద్ధిగా గల నీరు, పాలిథీన్ వంటి తేలిక పదార్థాలే మేలు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాముల పడక గదులకు పాలిథీన్ పలకలు అమర్చారు. మనం సంచులుగా వాడి పారవేసే పదార్థమే అది!

ముప్పు చిన్నది కాదు. 1972 ఆగస్టులో సూర్యునిపై పెనుతుఫాను చెలరేగింది. అపోలో-16 ఏప్రిల్‌లో తిరిగివచ్చింది, అపోలో-17 డిసెంబరులో బయలుదేరింది. నడుమ చంద్రునిపై ఎవరూ లేకపోవడం అదృష్టమే. 2011-12లో అంగారకునికి సాగిన క్యూరియాసిటీ నౌకలోని పరికరం రోజుకు సుమారు 1.8 మిల్లీసీవర్టుల వికిరణాన్ని నమోదు చేసింది. ఆ లెక్కన రానుపోను ప్రయాణానికే దాదాపు 660 మిల్లీసీవర్టులు.

2022లో చంద్రుని చుట్టివచ్చిన ఆర్టెమిస్-1 నౌకలో రెండు స్త్రీ ఆకారపు బొమ్మలను కూర్చుండబెట్టారు. ఒకదానికి పాలిథీన్ కవచం తొడిగారు, రెండవదానికి ఏ కవచమూ లేదు. శరీరాంగాలు ఉండే చోటులలో వికిరణాన్ని కొలిచే సాధనాలు రెండింటిలోనూ పొదిగారు.