దీపం మలుపు తిరిగేదాకా...

కార్తికంలో ఉప్పలగుప్తం వైపు వెళ్తే తెల్లవారుజామున కాలువ రేవుల్లో అరటి దొప్పల మీద దీపాలు కదులుతుంటాయి. దీపం వదలగానే ఫోన్‌ తీస్తున్నారా? ఈసారి ఆగండి. ఒడ్డున కూర్చుని, అది మలుపు తిరిగేదాకా చూడండి. గాలి పీల్చినదానికన్నా నిదానంగా వదలండి. అలా వదిలేటప్పుడు వేగస్‌ నాడి చురుకై గుండె వేగం తగ్గుతుంది. మధ్యలో కొబ్బరాకుల చప్పుడు వినబడిందా? విననివ్వండి, మనసును గద్దించక్కర్లేదు.

మునక సంగతి వేరు. ఒక్కసారిగా చన్నీళ్లు తగిలితే రక్తనాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది. ‘ఏళ్లుగా మునుగుతున్నా, నాకేమవుతుందర్రా’ అంటారు అమ్మమ్మలు. గుండెజబ్బు, ఆస్తమా ఉంటే ఒప్పుకోకండి. ఇంట్లోనే గోరువెచ్చని నీళ్లు పోసి, శాలువా కప్పి తీసుకెళ్లండి. రేవు మెట్లకు నాచు పడుతుంది, చెయ్యి వదలొద్దు. పోలి పాడ్యమి నాడైతే ఇంకాస్త ముందే బయల్దేరండి. రేవులో చోటు దొరకదు.