గండికోటలో నైట్ క్యాంపింగ్: టెంట్ ఎక్కడ వేయాలో రాయిని చూస్తే తెలుస్తుంది

ఈ ఎపిసోడ్‌లో సికింద్రాబాద్ నుంచి గండికోటకి రోడ్ ట్రిప్, అక్కడ ఒక రాత్రి టెంట్‌లో ఉండటం గురించి మాట్లాడుకుందాం. ఫొటో స్పాట్ల రీల్స్ మీ ఫోన్‌లో ఇప్పటికే బోలెడు ఉంటాయి. నేను చెప్పేది వేరే. ఈ ట్రిప్ మొత్తాన్ని ఒకే టైమ్ చుట్టూ ప్లాన్ చేయాలి. అదే సూర్యాస్తమయం. ఎందుకో వివరంగా చెప్తాను.

ముందు రూట్. నేను ఉండేది సికింద్రాబాద్‌లోనే కాబట్టి ఇక్కడి నుంచే లెక్కేస్తా. శంషాబాద్ దాటి 44వ నంబర్ హైవే ఎక్కితే జడ్చర్ల, బీచుపల్లి దగ్గర కృష్ణ, తర్వాత తుంగభద్ర బ్రిడ్జి, కర్నూలు. అక్కడి నుంచి ఓర్వకల్లు, పాణ్యం, బనగానపల్లె మీదుగా కొలిమిగుండ్ల, ఆ తర్వాత జమ్మలమడుగు, గండికోట. మొత్తం దాదాపు 400 కిలోమీటర్లు అనుకోండి. టిఫిన్, టీ బ్రేకులు కలుపుకుంటే ఎనిమిది గంటలు ఈజీగా పడుతుంది.

దారిలో కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు వస్తాయి. వీటి గురించి 1884లోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాశారు. 1982, 83లో గెబాయర్ నాయకత్వంలో జర్మన్ టీమ్ లోపలికి దిగి కొలిచింది. పొడవు 3,229 మీటర్లు. అందులో దాదాపు కిలోమీటరున్నర మనం నడవొచ్చు. లోపల ఉక్కపోత బాగా ఉంటుంది, వాటర్ బాటిల్ మర్చిపోవద్దు.

ఇప్పుడు అసలు పాయింట్. బెలుంలో ఉన్నది సున్నపురాయి. మన ఇళ్లల్లో వేసే కడప బండ కూడా సున్నపురాయే. నీళ్లు తగిలితే అది మెల్లమెల్లగా కరుగుతుంది, అందుకే గుహలు ఏర్పడ్డాయి. గండికోటలో రాయి వేరు. చాలామంది గ్రానైట్ అంటారు కానీ అది క్వార్ట్‌జైట్. ఇసుకరాయి గట్టిపడి తయారైన రాయి, వయసు వంద కోట్ల ఏళ్ల పైనే. ఇది కరగదు, పగులుతుంది. అడ్డంగా పొరలు, నిలువుగా పగుళ్లు. అందుకే అంచు దగ్గర ఇటుకలు పేర్చినట్టు పెద్ద పెద్ద దిమ్మెలు కనిపిస్తాయి. ఎర్రమల కొండల్ని పెన్నా నది ఇలా కోసుకుంటూ పోయింది. ఆ గండి పక్కనున్న కోట కాబట్టి గండికోట.

దీన్ని ఇండియా గ్రాండ్ కేన్యన్ అంటారు కదా! సైజులో పోలికే లేదు. అమెరికాలోది 446 కిలోమీటర్ల పొడవు, లోతు కొన్నిచోట్ల 1,800 మీటర్ల దాకా ఉంటుంది. మనది సుమారు 300 అడుగులు. చిన్నదేగా అనుకోకండి, 300 అడుగులంటే దాదాపు ముప్పై అంతస్తులు. శత్రువు ఎక్కలేడనే పెమ్మసాని నాయకులు ఈ కోటని నమ్ముకున్నారు. వాళ్లని కాపాడిన ఆ లోతే రాత్రిపూట మనకి ప్రమాదం. అంచు పొడవునా రెయిలింగ్ ఉండదు. పగలు విడివిడిగా కనిపించే దిమ్మెలు, వాటి మధ్య సందులు చీకట్లో ఒకే చదును నేలలా కనిపిస్తాయి. ఫోన్ టార్చ్ వెలుగు నాలుగడుగుల దూరమే.

అందుకే వెనక నుంచి లెక్కేయండి. నవంబర్, డిసెంబర్‌లో ఆరులోపే సూర్యుడు దిగిపోతాడు. నాలుగింటికల్లా గండికోటలో ఉండాలి. బెలుం నుంచి గంటన్నర పైనే డ్రైవ్, కాబట్టి రెండింటికి అక్కడ నుంచి కదలాలి. అంటే తెల్లారి నాలుగున్నరకే సికింద్రాబాద్‌లో బండి స్టార్ట్ అవ్వాలి. లేటయిందా, బెలుంని రెండో రోజుకి మార్చుకోండి. స్పీడ్ పెంచి కవర్ చేయొద్దు.

చేరాక చేయాల్సినవి:

టెంట్: అంచు నుంచి కనీసం వంద అడుగులు లెక్కపెట్టి వేయండి. రాతి మీద మేకులు దిగవు, తాళ్లకి బరువైన రాళ్లు కట్టాలి. వంకలు, నీళ్లు పారే పల్లాల్లో అస్సలు వద్దు. గుళ్లు, మసీదు ఉన్న కోట లోపల కాకుండా, ఎక్కడ వేయొచ్చో ఊరివాళ్లని అడగండి. అద్దె టెంట్లు కూడా దొరుకుతాయి. వద్దనుకుంటే టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది.

దారి: రాత్రి బాత్‌రూమ్‌కి ఎటు వెళ్లాలో వెలుతురులోనే చూసి పెట్టుకోండి. అది అంచుకి వ్యతిరేక దిక్కులో ఉండాలి. తలకి కట్టుకునే లైట్ మనిషికొకటి, లేచినప్పుడు ఇద్దరు కలిసి వెళ్లాలి.

నీళ్లు: మనిషికి ఐదు లీటర్లు. ఎండాకాలంలో ఈ రాయి రాత్రి కూడా సెగ కక్కుతుంది. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలో వెళ్లండి.

మందు, మంట: రెండూ వద్దు. ఎండుగడ్డికి నిప్పు అంటుకుంటే ఆపలేం. తాగి అంచుకి వెళ్తే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఈత: ఎగువన గండికోట ప్రాజెక్టు, దిగువన మైలవరం డ్యామ్ ఉన్నాయి. నీటిమట్టం మారుతుంది, దిగొద్దు.

ఎవరైనా జారిపడితే వాళ్ల వెనకే దిగకండి. 112 లేదా 108కి కాల్ చేసి, ఊరివాళ్లని పిలవండి. సిగ్నల్ ఎక్కడ వస్తుందో ముందే చూసుకోండి.

పొద్దున సూర్యోదయానికి ఆరింటికి లేస్తే చాలు. లోయ మీద ఎర్రగా పడే ఆ వెలుగుని వెనక్కి జరిగి చూసినా అంతే అందంగా ఉంటుంది. సెల్ఫీ తీసుకోవాలంటే కూర్చుని తీసుకోండి. ఈ వీడియోని మీతో వచ్చే గ్యాంగ్‌కి, ముఖ్యంగా బండి నడిపేవాడికి పంపండి. మళ్లీ కలుద్దాం, బై!